ఎర్రమట్టి అంటని చొక్కాలు

మూడేళ్ళు నిండేసరికి మా పాప, వాళ్ళ నాన్న విమానంలోనే కాపురముంటాడని గట్టిగా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? వచ్చినప్పుడల్లా విమానం దిగి వచ్చానంటాడు, పోయినప్పుడల్లా విమానం ఎక్కాలంటాడు. ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో మేముండే పియారా వాటర్స్‌కి దగ్గర్లో చిన్న విమానాల ఎయిర్‌పోర్టు ఒకటుంది. పైలట్ పని నేర్చుకునే పిల్లలు పొద్దస్తమానం మా ఇంటి మీద గిరికీలు కొడుతుంటారు. చప్పుడు వినపడితే చాలు, ఇది నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తి చెయ్యి ఊపేది.

"నాన్నా ఈజ్ ఇన్ దట్ వన్!"

"అందులో కాదే. అది బుల్లి విమానం. మీ నాన్న బొజ్జ దాన్లో పట్టదు."

"దెన్ నెక్స్ట్ వన్," అనేది, ఏమాత్రం తగ్గకుండా.

నాన్న అంటే మా బావ. మేనత్త కొడుకు. పుట్టినప్పటినుంచీ బావా బావా అని పిలిచి, తాళి కట్టగానే 'ఏమండీ' అనమంటే నా నోరు తిరగలేదు. బావ డీజిల్ మెకానిక్. గనుల్లో ఇల్లంత లారీలుంటాయి, వాటికి వైద్యుడు. ఈ రాష్ట్రానికి ఉత్తరాన ఎడారిలో ఇనుప రాయి తవ్వుతారు. పెర్త్ మగాళ్ళు చాలామంది విమానంలో అక్కడికి పోయి, రెండు వారాలు క్యాంపులో ఉండి పనిచేసి, ఒక వారం ఇంటికొచ్చి పడుకుంటారు. ఆ పడుకునే వారాన్నే ఇక్కడ సంసారం అంటారు.

నా చదువు ఎనిమిదో తరగతి. తొమ్మిదిలోకి రానని నేను చెప్పిన రోజున మా లెక్కల మాస్టారు చాక్లెట్లు పంచాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని పెద్ద మాటలు రాయడం నాకు రాదు. కానీ ఎవరైనా అబద్ధం చెబుతుంటే వాసన పట్టడం వచ్చు. దానికి డిగ్రీ అక్కర్లేదు, నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగితే చాలు.

మా ఇంట్లో పండగలు పంచాంగం ప్రకారం రావు, బావ రోస్టర్ ప్రకారం, అంటే డ్యూటీ చీటీ ప్రకారం వస్తాయి. ఉగాది పచ్చడి ఎప్పుడో అందరూ తిని అరిగించుకున్నాక మేం తిన్నాం. పాప పుట్టినరోజు కేకు రెండుసార్లు కోశాం, అసలు రోజున ఒకటి, నాన్న వచ్చిన రోజున ఒకటి. మిగతా రోజులన్నీ నేనే అమ్మ, నేనే నాన్న, బొమ్మ పులి కూడా నేనే. స్నానానికి వెళ్తే దాన్ని తలుపు బయట కూర్చోబెట్టి పాట పాడమనేదాన్ని. పాట వినపడుతున్నంతసేపూ క్షేమం. ఆగిందంటే సబ్బు నురగతోనే పరుగు. ఒకసారి అలాగే పరిగెత్తి చూస్తే, పాప పాట మరిచిపోయి పళ్ళు బయటపెట్టి కూర్చునుంది. "సారీ అమ్మా, లిరిక్స్ ఫినిష్డ్," అంది.

తెలుగువాళ్ళ ఫంక్షన్లకి పిల్లని చంకనేసుకుని బస్సు దిగి వెళ్తే, ఆడవాళ్ళు ముందు నన్ను చూసి, తరవాత నా వెనక ఖాళీని చూసేవారు.

"మీ వారు రాలేదా అమ్మా? పోయినసారీ కనపడలేదు."

"ఉన్నాడండీ. ఎండకి పాడవుతాడని ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను."

నవ్వేవారు. కానీ ఆ చూపు నవ్వేది కాదు. మొగుడు వదిలేశాడేమో, చెప్పుకోలేక జోకులేస్తోందేమో అని లోపల లెక్కలు కట్టేది. వాళ్ళని అనుమానపు మొహాలని తిట్టుకునేదాన్ని. వాళ్ళకంటే ముందు అనుమానపడాల్సింది నేనని నాకప్పుడు తెలీదు.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం పాపకి జ్వరం ముదిరి కళ్ళు తేలేసింది. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయింది. కారు బావ దగ్గరుంటుంది. విమానం ఎక్కేటప్పుడు కంపెనీ పార్కింగులో పెట్టి వెళ్తానంటాడు. టాక్సీ పిలిచి, దాన్ని తువ్వాల్లో చుట్టి కూర్చుని, దారిలో బావకి ఫోన్ చేశాను. ఏ హాస్పిటల్‌కి పోతున్నానో చెప్పాను. ఏడ్చాను కూడా. నేను ఏడిస్తే బావ మామూలుగా నవ్విస్తాడు. ఆ రోజు నవ్వించలేదు.

"నేనేం చెయ్యను పిల్లా, ఎడారి మధ్యలో ఉన్నాను. ఇవాళ ఫ్లైట్ కూడా లేదు," అన్నాడు. పాపం, ఎంత దూరంలో ఉన్నాడో అని నేనే ఓదార్చాను. నర్సు వచ్చి "డాడ్?" అంది. "మైన్," అన్నాను. గనిలో ఉన్నాడని ఆమెకి వెంటనే అర్థమైంది. ఈ ఊళ్ళో ఆ ఒక్క మాట చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. సాయంత్రానికి జ్వరం దిగింది. పాప లేచి టోస్టు అడిగింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

అనుమానం అనేది మా ఇంట్లోకి కంచె మీదనుంచి వచ్చింది. మా పక్కింట్లో కరీంనగర్ పిల్ల ఉంటుంది. ముసలివాళ్ళ హోమ్‌లో పని. వాళ్ళాయన కూడా గనులకే వెళ్తాడు, వేరే కంపెనీ. ఒకరోజు నేను బావ పని చొక్కాలు తీగ మీద ఆరేస్తుంటే కంచె మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది.

"అక్కా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు."

"అనుకుంటాలే, అడుగు."

"మా ఆయన బట్టలు మెషిన్ల ఏస్తే నీళ్ళు చాయ్ లెక్క ఎర్రగ ఒస్తయి. మూడుసార్లు తిప్పినా ఆ మన్ను పోదు. నా తెల్ల తువ్వాళ్ళన్నీ గులాబీ రంగైనయ్. మరి మీ ఆయన బట్టలు గిట్ల కొత్త పెండ్లికొడుకు బట్టల లెక్కున్నయేంది? ఆయనది ఏం మైన్? సున్నం మైనా?"

"మా బావ శుభ్రం మనిషమ్మా. మట్టి చూస్తే పక్కకి జరుగుతాడు," అన్నాను.

నవ్వుకున్నాం. లోపలికొచ్చి వాషింగ్ మెషిన్ మూత తీసి చూశాను. లోపలంతా తెల్లగా తళతళలాడుతోంది. రబ్బరు మడతల్లోకి వేలు పెట్టి తిప్పాను. వేలికి పాప మేజోళ్ళ నూలు అంటుకుంది తప్ప ఎర్రమట్టి ఒక్క రేణువు లేదు. బావ బూట్లు తీసి తిరగేశాను. అడుగున పచ్చగడ్డి పరక ఒకటి ఇరుక్కుని ఉంది. ఎడారిలో పచ్చగడ్డి ఎవరు కోసుకుంటున్నారో మరి.

"క్యాంపులో లాండ్రీ ఉంటుందే. ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తారు," అన్నాడు బావ అడిగితే.

"బూట్లు కూడా ఇస్త్రీ చేస్తారా బావా?"

"నీకెందుకే ఇవన్నీ?" అని టీవీ వైపు తిరిగాడు. బావకి టీవీ అంటే పడదు. అక్కడ నా ముక్కు లేచింది.

ఆ తరవాత ప్రతిదీ అనుమానమే. రెండు వారాలు పార్కింగులో నిద్రపోయిన కారు ఇంటికొచ్చేసరికి పెట్రోలు అడుగంటి ఉండేది. పాప సీటు ఊడదీసి డిక్కీలో పెట్టి ఉండేది. "ఎవరైనా ఎత్తుకుపోతారని" అంటాడు. సీటు విడిచిపెట్టి కారే ఎత్తుకుపోతారు కదా! వెనక సీట్లో వాసనలు. ఒకసారి గులాబీ, ఒకసారి మరువం, ఒకసారి చేపలు. సీటు సందులో పెదవుల రంగు పుల్ల ఒకటి, బంగారురంగు పొడుగాటి వెంట్రుక ఒకటి, ఎవరిదో ఒక్క చెవిపోగు. చెవిపోగు పట్టుకుని వంటింట్లో నిలబడి ఆలోచించాను. ఒక్క సవతైతే జుట్టు పట్టుకుని తేల్చుకోవచ్చు. ఇక్కడ చూస్తే బస్సెడు సవతులున్నట్టున్నారు. మా బావ మొహానికి ఇంత గిరాకీ ఎక్కడిది?

నవ్వొచ్చింది. వెంటనే పాప వైపు చూస్తే నవ్వు పోయింది. నా సంగతి సరే, నేను ఎలాగోలా బతుకుతాను. ఇది మాత్రం ప్రతి విమానానికీ చెయ్యి ఊపుతోంది. దీనికి నాన్న ఉన్నాడా, లేక నెలకోసారి వచ్చే చుట్టం ఉన్నాడా? ఆ ఒక్కటి తేలాలి నాకు.

వీడియో కాల్‌లో బావ వెనక ఎప్పుడూ తెల్లగోడే. గోడ చూపించు, కిటికీ చూపించు అంటే సిగ్నల్ పోయేది. నేను వంటల మీదనుంచి లాగడానికి చూశాను.

"ఇవాళ క్యాంపులో ఏం పెట్టారు బావా?"

"చికెన్."

"నిన్న?"

"చికెనే."

"మొన్న?"

"ఏమే, కోళ్ళ ఫారమ్ లెక్క అడుగుతున్నావ్?"

ఆ రోజుల్లోనే, ఇక్కడ వేసవి పడే డిసెంబరులో ఒక మధ్యాహ్నం, బావ వెనకనుంచి టింగు టింగుమని పాట వినపడింది. వీధుల్లో తిరిగే ఐస్‌క్రీం బండి పాట. నేను వంటింట్లో ఉన్నాను, ఫోన్ పాప చేతిలో ఉంది. పాప కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నాన్నా! ఐస్‌క్రీం ట్రక్! గో గో గో!"

"అది కాదు బంగారం, అది మెషిన్ సౌండ్."

"నో నాన్నా. ఐ నో ఐస్‌క్రీం ట్రక్." దాని గొంతులో ఉన్న ధీమా ఏ కోర్టులోనూ దొరకదు. ఫోన్ ఆగిపోయింది. పాప నా వైపు తిరిగి, "అమ్మా, నాన్నా'స్ మైన్ హ్యాజ్ ఐస్‌క్రీం. కెన్ వీ గో?" అంది.

పోదాం, తప్పకుండా పోదాం అన్నాను.

దారి మాత్రం బావే చూపించాడు, తనకే తెలియకుండా. గనిలో కూడు సయించదని ప్రతిసారీ సీసా నిండా ఆవకాయ కట్టిచ్చేదాన్ని. ఇక్కడి మామిడికాయకి ఒళ్ళుంది కానీ పులుపు లేదు. ఒక ఏడాది పెట్టి చూస్తే హల్వాలా ఉంది. అందుకని నేను ఎండు ఉసిరి ముక్కలు కలిపి ఊరబెడతాను. మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "ఆవకాయలో ఉసిరేంటే, ఎవరైనా వింటే నవ్వుతారు," అని తిట్టింది. అలాంటి పని ఈ భూమండలం మీద నేనొక్కదాన్నే చేస్తాను.

మార్చిలో తెలుగువాళ్ళంతా నది ఒడ్డున పార్కులో కలిశారు. ఒక పక్క బార్బెక్యూ పొయ్యి మీద కోడి కాలుతోంది, ఇంకో పక్క ఆడవాళ్ళ గిన్నెలు. కరీంనగర్ పిల్ల మమ్మల్ని తన కారులో తీసుకెళ్ళింది. నదికి అవతలి వైపు ఉండే ఆంటీ ఒకావిడ, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయినావిడ, నా పళ్ళెంలో పెరుగన్నం వేసి పక్కన ఎర్రగా ఒక ముక్క పెట్టింది.

"రుచి చూడమ్మా. మా వెనక గదిలో అద్దెకున్న అబ్బాయి ఇచ్చాడు. ఏం చేయి అమ్మా అది!"

నోట్లో పెట్టుకున్నాను. ఉసిరి ముక్క పంటికింద పడింది.

ఆ క్షణంలో నా నోరు ఊరిందో ఎండిందో నాకే తెలీలేదు. అయినా నేను నేనే కదా.

"అబ్బో, బాగుందాంటీ. ఎవరు పెట్టారట?"

"వాళ్ళావిడ. పాపం, భార్యా బిడ్డా ఇండియాలోనే ఉన్నారటమ్మా. వీసా రాలేదట. ఆ పిల్ల ఫోటో చూసుకుంటూ కూర్చుంటాడు. చూస్తే జాలేస్తుంది."

నేను ఇండియాలో ఉన్నానన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

"ఏం పని చేస్తాడు ఆంటీ?"

"కారు తోలతాడమ్మా, యాప్‌లో పిలిస్తే వస్తాయే, అవి. మంచి గోదావరి పిల్లాడు. మా కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోస్తాడు, గడ్డి కోస్తాడు. మధ్యమధ్యలో మాత్రం ఒక వారం ఉండడు. మైన్‌లో పనుందని వెళ్తాడు."

అంటే మా ఇల్లే మైన్ అన్నమాట. నేనే ఇనుప రాయి.

పక్కనున్న కరీంనగర్ పిల్ల నా మొహం చూసి పళ్ళెం కింద పెట్టేసింది. "ఏమైందక్కా?" అంది మెల్లగా. సంగతి చెప్పాను. అది ఆంటీ వైపు చూసింది, ముక్క వైపు చూసింది. "రేపు నాకు సెలవే. ఆంటీ ఇల్లు నాకెరుకే, పోదాం. ఈ సినిమా నేను ఇడ్వ," అంది.

మర్నాడు పొద్దున్నే మంచి గౌను వేసి, జడ వేసి, పాపని తీసుకుని బయల్దేరాను. దారంతా నాలో నేను మాటలు పేర్చుకున్నాను. సవతి తలుపు తీస్తే ఒక మాట, బావ తీస్తే ఒక మాట, పోలీసులు వస్తే ఒక మాట. కరీంనగర్ పిల్ల చాలా వేగంగా నడిపింది. లేదా నదికి అవతలి వైపు ఎంత దగ్గరో అంతవరకూ నాకు తెలీదేమో. దిగేసరికి పాపకి నిద్ర కూడా పట్టలేదు.

ఆంటీ ఇంటి పక్క గేటు తీసే ఉంది. పెరట్లో బావ లుంగీ కట్టుకుని, చేతిలో నీళ్ళ పైపు పట్టుకుని, కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. పైపు చేతిలోనే ఉంది, నీళ్ళు మాత్రం ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి.

నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. పాప ముందుకి పరిగెత్తి ఆగింది. ఆకాశం వైపు చూసింది, షెడ్డు వెనక్కి చూసింది, బావ వైపు చూసింది.

"నాన్నా, వేర్ ఈజ్ యువర్ ప్లేన్?"

బావ అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు.

"అన్నా, నీళ్ళు బందు చెయ్. చెట్టు కుళ్ళుతది," అని కరీంనగర్ పిల్ల కుళాయి కట్టేసింది. ఆంటీ వంటింటి తలుపు తీసుకుని వచ్చింది. "ఎవరమ్మా, ఏమైంది?" అని నన్ను చూసి గుర్తుపట్టి ఆగిపోయింది.

"నేనే ఆంటీ. ఇండియాలో ఉన్న భార్యని. వీసా ఇవాళే వచ్చింది."

ఆ గదిలోకి ముందు నేనే వెళ్ళాను. అడక్కుండానే. పరుపు ఎత్తి చూశాను, తలుపు వెనక చూశాను, బాత్రూమ్‌లో చూశాను. ఒక మంచం, ఒక కంచం, ఒక్క పళ్ళ బ్రష్షు. నారింజరంగు మెరుపు పట్టీల పని చొక్కాలు కొక్కానికి కొత్తగా వేలాడుతున్నాయి. గోడకి పాప ఫోటో. బస్సెడు సవతులు కాదు కదా, ఒక్క సవతి ఆనవాలు లేదు. వాసనలూ వెంట్రుకలూ చెవిపోగూ కారెక్కి దిగిపోయిన వాళ్ళవి. నా గుండె కుదుటపడాలి కదా. పడలేదు. ఇంత సర్దుకుని అబద్ధం చెప్పగలిగినవాడు సవతిని కూడా సర్దగలడు అనిపించింది.

బావ గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. ఏడాది కిందటే కంపెనీ వాళ్ళ కాంట్రాక్టు ఐపోయింది, కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళని పెట్టుకోలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని చూస్తూ రోస్టర్ ప్రకారమే ఇల్లు కదిలాడు. ఒకసారి కదిలాక ఆపడం చేతకాలేదు.

"నాకు చెప్పచ్చు కదా బావా?"

"నీకు చెప్తే మామయ్యకి చెప్పినట్టే. మామయ్యకి చెప్తే మా అమ్మకి, ఊరికి. బంగారు గనిలో ఇంజనీరని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడాయన."

అది మాత్రం నిజం. మేనరికంలో పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే వాట్సాప్ గ్రూపు. నేను పొద్దున్న తుమ్మితే మధ్యాహ్నానికి వాళ్ళమ్మ మిరియాల కషాయం చెబుతుంది. ఇక్కడ ఎవరి ఇంట్లో ఏం దాచుకోవచ్చో గానీ, మా ఇంట్లో మాత్రం ఏదీ దాగదని బావకి తెలుసు. అందుకని మమ్మల్నే ఇండియాలో దాచాడు.

"సరే, ఉద్యోగం పోయింది. ఎవరికి పోలేదు? పాపకి జ్వరం వచ్చిన రోజు?"

తడిసిన లుంగీ అంచు పిండుకుంటున్నాడు.

"ఆ రోజు ఎడారిలో ఉన్నానన్నావు. ఏ ఎడారి ఇది? కరివేపాకు ఎడారా?"

"వచ్చాను," అన్నాడు.

"ఎక్కడికి?"

"హాస్పిటల్‌కి. కారు పార్కింగులో కూర్చున్నాను."

"అబద్ధం."

"నువ్వు టాక్సీ దిగేటప్పుడు చూశాను. తువ్వాల్లో చుట్టావు. పాప ఒక కాలికి జోడు లేదు."

నిజమే. జోడు టాక్సీలో పడిపోయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కాదు.

ఇది విన్నాక కోపం తగ్గాలి అనుకుంటారు కదా. పెరిగింది. రాలేనివాడి మీద నాకెప్పుడూ కోపం లేదు, వాణ్ణి నేనే ఓదార్చాను. అద్దం వెనక కూర్చుని, నేను ఒంటి చేత్తో పిల్లని మోసుకుంటూ తలుపు తోసుకుని పోతుంటే చూస్తూ కూర్చున్నవాడి మీద కోపం. దానికి ఏ తిట్టు సరిపోతుందో వెతికాను. ఎనిమిదో తరగతి దాకా నేర్చుకున్నవీ, ఆ తరవాత నేర్చుకున్నవీ, ఏవీ చాలలేదు. పాప వినకుండా వాడే మాటలన్నీ వాడాను. అంతసేపూ పాప పెరట్లో ఆంటీ చెయ్యి పట్టుకుని ఇల్లు చుట్టూ తిరుగుతోంది. విమానం కోసం వెతుకుతోంది.

ఇంటికి రమ్మన్నాను. క్షమించి కాదు. కళ్ళ ముందుంటే కాపలా తేలిక.

ఆ సాయంత్రమే, నా ఎదుటే, మా నాన్నకి ఫోన్ చేయించాను. బావ చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "గని లేదు గాడిద గుడ్డు లేదు. పిల్ల అన్నం తిందా?" అన్నాడు అవతలనుంచి మా నాన్న. బావ ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఏడుపు కూడా సర్దుకుని చేస్తున్నాడేమో అని మొహంలోకి తేరిపార చూశాను.

పాప బావని నా అంత తొందరగా తిట్టలేదు, నా అంత తొందరగా ఇంట్లోకి రానివ్వనూ లేదు. చెత్తబుట్ట బయట పెట్టడానికి గుమ్మం దాటినా, "హౌ మెనీ స్లీప్స్, నాన్నా?" అనేది. ఎన్ని నిద్రలయ్యాక వస్తావని. "నో స్లీప్స్ బంగారం, టూ మినిట్స్," అనేవాడు. నమ్మేది కాదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నిలబడేది. మా ఇద్దరికీ పోలిక ఉందని ఊరికే అనరు.

కరీంనగర్ పిల్ల వాళ్ళ హోమ్ వంటింట్లో నాకు పని చూపించింది. సాయంత్రాలు. అంటే పాపని అది పగలు వెళ్ళే పిల్లల డేకేర్‌నుంచి ఇక తేవాల్సింది బావ. పనిలో చేరిన మొదటి రోజు, నేను ముసలివాళ్ళ కోసం బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే ఫోన్ మోగింది. డేకేర్ టీచర్.

గేటు దగ్గర ఒక మనిషి ఉన్నాడు, పాప తండ్రినని చెబుతున్నాడు, కానీ ఇక్కడ మేమెవ్వరం ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, మీకు తెలుసా అని అడిగింది. చాలా మర్యాదగా అడిగింది. మర్యాద వెనక ఉన్న అనుమానం నాకు బాగా తెలిసిన వాసన. వెనకనుంచి బావ గొంతు వినపడుతోంది. లైసెన్సు చూపిస్తున్నాడు, ఫోన్‌లో ఫోటోలు చూపిస్తున్నాడు, "ప్లీజ్, మై డాటర్, మై డాటర్," అంటున్నాడు. తక్కిన తండ్రులు తమ పిల్లల్ని తీసుకుని ఆయన పక్కనుంచి పోతూ ఉండి ఉంటారు.

తెలీదు అందామా అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధం ఎందుకు, నిజంగానే అనిపించింది. రెండు వారాలు అక్కడే, ఆ గేటు బయటే, కారులో కూర్చోమందామనిపించింది.

"పాపని అడగండి," అన్నాను నా వచ్చీరాని ఇంగ్లీషులో.

టీచర్ అటు తిరిగి అడిగింది. ఎవరు ఇతను అని. బంగాళాదుంప నా చేతిలో నల్లబడుతోంది. అప్పుడు పాప గొంతు, దూరంనుంచి, చాలా స్పష్టంగా వచ్చింది.

"దట్స్ నాన్నా. హీ ఈజ్ న్యూ."

టీచర్ నవ్వాలో మానాలో తెలీక గొంతు సవరించుకుంది. అవునండీ, వాళ్ళ నాన్నే, పంపించండి అన్నాను. ఆమె సారీ చెప్పింది. పిల్లల విషయం కదా, మేం గట్టిగా అడగాలి అంది.

"డోంట్ సారీ," అన్నాను. "టుమారో ఆల్సో ఆస్క్."